సవరణ: హేజల్ జబ్బు, ఆక్సిజన్ మెషీన్

జాన్ గ్రీన్ నవల ‘ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ (2012) గురించి కోనసీమ పాఠకుల కోసం పెట్టిన పోస్టులో రెండు సంగతులు మార్చి చదువుకోవాలి.

కథానాయిక హేజల్‌ది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని ఉంది. కాదు, థైరాయిడ్ క్యాన్సర్. అది ఊపిరితిత్తులకు పాకింది. ఆమె ప్రాణం నిలిపే ఫాలాంక్సిఫోర్ కల్పిత మందు. అలాంటిది లేదని రచయితే పుస్తకం చివర రాశారు. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లు దానికోసం వెతకకూడదనే ఈ మాట.

రెండోది మరీ ముఖ్యం. ఆక్సిజన్ ఇచ్చే సిలిండరూ కాన్సన్‌ట్రేటరూ ఒకటేనన్నట్టు ఉంది. హేజల్ బయటికెళ్తే లాక్కెళ్లేది సిలిండర్. ఇంట్లో ‘ఫిలిప్’ అని పిలుచుకునేది కాన్సన్‌ట్రేటర్. ఇది గదిలోని గాలి పీల్చి, నైట్రోజన్‌ను జల్లెడ పట్టి, ఆక్సిజన్ ఇస్తుంది. కరెంటు పోతే ఆగిపోతుంది. మనవైపు తుఫాను వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి, మెషీన్ ఉన్న ఇంట్లో నిండు సిలిండర్ కూడా ఉండాలి. బి టైపు సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున సుమారు 12 గంటలు. డాక్టర్ చెప్పిన లీటర్లు మనంతట మనం పెంచకూడదు.

ఆక్సిజన్‌కు తేమ కలిపే సీసాలో బోరు నీళ్లు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి రోజూ మార్చాలి. గొట్టం ఒరుసుకుని ముక్కు పగిలితే కొబ్బరినూనె రాస్తుంటారు. ఆక్సిజన్ దగ్గర నూనెకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది. నీటితో చేసిన జెల్ వాడాలి. నూనె చేతులతో సిలిండర్ మీది రెగ్యులేటర్ ముట్టుకోకూడదు.