పన్ను సంగతి తర్వాత, ముందు మనిషి సంగతి

పన్ను నొప్పితో వెళ్లిన మనిషి చేతికి క్లినిక్‌లో మొదట వచ్చేది ఒక ఫారం. బీపీ ఉందా, షుగర్ ఉందా, గుండె జబ్బు ఉందా, ఏ మందైనా పడదా అని వరసగా గడులుంటాయి. రాత్రంతా నిద్రలేని మనిషి అన్నింటికీ ‘లేదు’ అని టిక్కులు పెట్టి, కింద సంతకం చేసి ఇచ్చేస్తాడు. ఆ కాగితం ఫైల్లోకి వెళ్లిపోతుంది. దంత చికిత్సకు ముందు రోగి ఆరోగ్యాన్ని అంచనా వేయడమంటే ఇంతే అనుకున్నంత కాలం రెండు రకాల నష్టం జరుగుతూ ఉంటుంది. అడగకపోవడం వల్ల జరిగేది ఒకటి. సగం విని, భయపడి, తప్పు నిర్ణయం తీసుకోవడం వల్ల జరిగేది ఇంకొకటి. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. రెండోది కూడా అంతే ప్రమాదకరమని నా నమ్మకం. దాన్ని మాత్రం జాగ్రత్త అనే పేరుతో సమర్థించేస్తున్నాం.

ముందు ఆ ‘లేదు’ల సంగతి చూద్దాం. రోగులు కావాలని అబద్ధం చెప్పడం అరుదు. ప్రశ్నే సరిగా ఉండదు. గుండెలో స్టెంట్ వేయించుకున్న మనిషిని ‘గుండె జబ్బు ఉందా’ అని అడిగితే, అది ఎప్పుడో బాగైపోయిందనుకుని లేదంటాడు. మాత్రతో బీపీ అదుపులో ఉన్నవాళ్లు తమకు బీపీ లేదనే అనుకుంటారు. ఎముకలు గుల్లబారకుండా ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించుకునేవాళ్లకు, ఆరు నెలలకొకసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు ‘మందులు వాడుతున్నారా’ అంటే అవి గుర్తుకే రావు. మందంటే రోజూ మింగేదని కదా మనందరి లెక్క. పైగా పంటికీ, ఎముకల ఇంజెక్షన్‌కీ సంబంధం ఉంటుందని వాళ్లకు ఎవరు చెప్పారు?

అందుకే జబ్బు పేరు పట్టుకుని అడిగే ప్రశ్నల కంటే, రోజువారీ జీవితం నుంచి అడిగేవి ఎక్కువ నిజం చెబుతాయి. ఒక అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కగలరా? రాత్రి పడుకోవడానికి ఎన్ని దిండ్లు కావాలి? వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చే మనిషిని డెంటల్ కుర్చీలో వెనక్కి వాల్చేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇంతకుముందు పన్ను తీయించుకున్నప్పుడు రక్తం ఎంతసేపు కారింది, దానికోసం మళ్లీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చిందా? రక్తం సరిగా గడ్డకట్టని తేలికపాటి హీమోఫీలియా, వాన్ విల్లీబ్రాండ్ వ్యాధి లాంటివి కొందరిలో పెద్దయ్యేదాకా బయటపడవు. పన్ను తీశాక ఆగని రక్తంతోనే తొలిసారి తెలుస్తాయి. ఆడవాళ్లలోనైతే నెలసరిలో విపరీతమైన రక్తస్రావం కూడా అదే సూచన ఇస్తుంది. పళ్ల డాక్టర్ ఇది అడగడానికి మొహమాటపడకూడదు, రోగి చెప్పడానికి సిగ్గుపడకూడదు.

రోగి స్థితిని తరగతులుగా విభజించే పద్ధతి కొత్తదేం కాదు. అమెరికా మత్తు వైద్యుల సంఘం 1941లో మొదలుపెట్టి, 1960లలో సవరించిన వర్గీకరణనే దంత వైద్యులూ వాడుతున్నారు. పూర్తి ఆరోగ్యవంతులు ఒకటో తరగతి. జబ్బు అదుపులో ఉండి రోజువారీ పనులకు అడ్డు రానివాళ్లు రెండు. జబ్బు తీవ్రంగా ఉండి పనులకు అడ్డొస్తే మూడు. అది ఎప్పుడూ ప్రాణానికి ముప్పుగా ఉంటే నాలుగు. యూరప్‌లో పది దేశాల్లో పరీక్షించిన ఒక ప్రశ్నావళిలోనైతే రోగి ఇచ్చే జవాబులు నేరుగా ఈ తరగతులకే ముడిపడి ఉంటాయి. ఇది మంచి ప్రయత్నం. అయితే తరగతి తెలిసినంత మాత్రాన పని అయిపోదు. మూడో తరగతి రోగికి పళ్లు క్లీన్ చేయడం వేరు, ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతం కోసి తీయడం వేరు. ఆ మనిషికి ఎంత భయం ఉందన్నది కూడా లెక్కలోకి రావాలి. డెంటల్ క్లినిక్‌లో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే అత్యవసర పరిస్థితి కళ్లు తిరిగి పడిపోవడం. దానికి చాలాసార్లు కారణం జబ్బు కూడా కాదు, సూది చూసి పుట్టిన టెన్షన్.

ఇక భయంతో జరిగే తప్పుల దగ్గరికొస్తే, అందులో మొదటి స్థానం రక్తం పలచబడే మందులను ఆపేయించడానిది. ‘పన్ను తీయాలి, వారం రోజులు ఆ మాత్ర మానేసి రండి’ అన్న మాట ఎంతమంది వినుంటారో! ఆ మాత్ర ఎందుకు వేసుకుంటున్నారో అడగకుండా చెప్పే మాట అది. కొత్తగా స్టెంట్ పడిన మనిషి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మధ్యలో మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. మందులను ముందుగా ఆపించవద్దని అమెరికాలో హృద్రోగ, దంత వైద్య సంఘాలు కలిసి 2007లోనే హెచ్చరించాయి. కృత్రిమ వాల్వ్ కోసమో, గుండె లయ తప్పడం వల్లో వార్ఫరిన్ వాడేవాళ్లు దాన్ని మానేస్తే గడ్డ మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు.

రెండు వైపులా ఉన్న ప్రమాదాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. పన్ను తీసిన చోట రక్తం కారితే అది కళ్లకు కనిపిస్తుంది, వేలికి అందుతుంది. గాజుగుడ్డ పెట్టి గట్టిగా కరిచి పట్టుకోవచ్చు, కుట్టు వేయవచ్చు, గుంటలో రక్తాన్ని ఆపే స్పాంజి పెట్టవచ్చు, ట్రానెగ్జామిక్ యాసిడ్‌తో పుక్కిలించమనవచ్చు. మెదడులో ఇరుక్కున్న గడ్డకు ఈ సౌకర్యం లేదు. బ్రిటన్‌లో పాటించే మార్గదర్శకాల ప్రకారం వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె) 4 కంటే తక్కువ ఉంటే మందు ఆపకుండానే పన్ను తీయవచ్చు. పరీక్ష మాత్రం 24 గంటల లోపు చేసినదై ఉండాలి, చాలాకాలంగా నిలకడగా ఉన్నవాళ్లకు 72 గంటల దాకా వెసులుబాటు ఉంది. అపిక్సాబాన్, డాబిగాట్రాన్ లాంటి కొత్త మందులకైతే మామూలు పనులకు ఆపడమే అక్కర్లేదు. రక్తం ఎక్కువ పోయే పనులకు ఆ రోజు ఉదయం డోసు మానేస్తే సరిపోతుంది. వారం రోజులన్న లెక్క వీటిలో ఎక్కడా లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాతి ఘట్టం. వార్ఫరిన్ విషయంలో అంత భయపడి, చికిత్స అయ్యాక అదే రోగికి మెట్రోనిడాజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు రాసిచ్చేస్తారు. నోటిలో ఫంగస్‌కు మైకోనజోల్ జెల్ ఇస్తారు. ఈ రెండూ వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచేవే. జెల్ నోట్లో పూసుకునేదే కదా, ఒంట్లోకి ఏం వెళుతుందిలే అనుకుంటారు. వెళుతుంది, ఐఎన్‌ఆర్ ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. నొప్పికి ఇచ్చే ఐబూప్రొఫెన్ కూడా ఈ రోగులకు తగదు. అంచనా అన్నది సూది గుచ్చే క్షణంతో ముగియదు, ప్రిస్క్రిప్షన్ రాసేదాకా కొనసాగాలి.

యాంటీబయాటిక్స్‌దీ ఇదే కథ. గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ సోకుతుందన్న భయంతో ఒకప్పుడు గుండెలో చిన్న శబ్దం వినిపించిన ప్రతివారికీ ముందు డోసు ఇచ్చేవారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో ఈ జాబితాను బాగా కుదించింది. కృత్రిమ వాల్వ్ ఉన్నవారు, ఇదివరకే ఆ ఇన్ఫెక్షన్ వచ్చినవారు, పుట్టుకతో వచ్చిన కొన్ని తీవ్రమైన గుండె లోపాలున్నవారు, గుండె మార్పిడి తర్వాత వాల్వ్ దెబ్బతిన్నవారు, అంతే. పళ్లు తోముకున్నా, నమిలినా బ్యాక్టీరియా రక్తంలోకి వెళుతూనే ఉంటుంది. రోజూ జరిగేదాన్ని వదిలేసి ఏడాదికోసారి జరిగే చికిత్సకు మాత్రమే మందు వేస్తే ఒరిగేది తక్కువని తేల్చారు. ఈ రోగులకు అసలు రక్షణ చిగుళ్లను రోజూ శుభ్రంగా ఉంచుకోవడం. ఆ మాట చెప్పడానికి పట్టే రెండు నిమిషాలు ఎవరూ కేటాయించరు. జాబితాలో ఉన్నవాళ్లకు మాత్రం మరిచిపోకూడదు: పెద్దలకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, చికిత్సకు అరగంట నుంచి గంట ముందు.

బీపీ దగ్గర రెండు రకాల పొరపాట్లూ కలిసి కనిపిస్తాయి. ఒకచోట అసలు కొలవరు. ఇంకోచోట కొంచెం ఎక్కువ కనిపించగానే ఇంటికి పంపేస్తారు. అత్యవసరం కాని పనిని వాయిదా వేయడానికి సాధారణంగా పాటించే హద్దు 180/110. నొప్పితో, భయంతో వచ్చిన మనిషికి బీపీ కొంత పెరిగే ఉంటుంది కాబట్టి కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి. మత్తు బాగా పట్టి ఎక్కువసేపు నిలవడానికి ఇంజెక్షన్‌లో కలిపే అడ్రినలిన్ గురించీ అనవసరమైన హడావుడి ఉంది. గుండె జబ్బు ఉన్నవారికి ఒక సిట్టింగ్‌లో 0.04 మిల్లీగ్రాములు దాటవద్దంటారు. లక్షకు ఒక వంతు అడ్రినలిన్ కలిసిన 1.8 మిల్లీలీటర్ల గొట్టాలు దాదాపు రెండు వాడవచ్చన్నమాట. అది కూడా వద్దని ఉత్త మత్తుమందు ఇచ్చి, అది చాలక రోగి నొప్పితో విలవిల్లాడితే, అతని ఒంట్లోంచే అడ్రినలిన్ పొంగుకొస్తుంది. దాన్ని కొలిచి ఇచ్చేవాళ్లెవరూ ఉండరు. బీపీకి, గుండెకు ఇచ్చే ప్రొప్రనోలాల్ అనే మందు వాడేవాళ్ల విషయంలో మాత్రం నిజంగానే జాగ్రత్త కావాలి, బీపీ ఒక్కసారిగా పెరగవచ్చు.

షుగర్ గురించి అందరికీ తెలిసింది పుండు మానదని. కుర్చీలో కూర్చున్న ఆ గంటలో మాత్రం పెరిగిన షుగర్ కంటే పడిపోయే షుగరే ఎక్కువ ప్రమాదం. ఇన్సులిన్ వేసుకుని, పన్ను నొప్పితో ఏమీ తినలేక వచ్చిన మనిషికి చెమటలు పట్టి, మాట తడబడితే అది భయం అనుకుని వదిలేయకూడదు. 70 కంటే తగ్గిందేమో వేలి చుక్కతో చూసి గ్లూకోజ్ ఇవ్వాలి. మూడు నెలల సగటు కంటే ‘ఇవాళ ఏం తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు’ అన్న ప్రశ్నే అప్పుడు ముఖ్యం.

దవడ ఎముక కుళ్లిపోవడం వీటన్నిటికంటే మొండి సమస్య. జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడినవారిలో పన్ను తీశాక ఎముక బయటపడి మానకుండా ఉండిపోవడాన్ని 2003లో వైద్య పత్రికల్లో తొలిసారి వివరించారు. తర్వాత డెనోసుమాబ్ లాంటివీ ఆ జాబితాలో చేరాయి. క్యాన్సర్ కోసం పెద్ద మోతాదులో తీసుకునేవారికి ముప్పు ఎక్కువ, ఎముకలు గుల్లబారినందుకు తీసుకునేవారికి చాలా తక్కువ. ఈ తేడా చెప్పకుండా రోగిని భయపెడితే ఏమవుతుంది? డెనోసుమాబ్ డోసు వాయిదా వేసుకుంటారు, వెన్నెముక పూసలు విరగవచ్చు. మందు ఆగినప్పుడు ఎముక వేగంగా బలహీనపడడం దాని స్వభావం. ఇక్కడ అసలు బాధ్యత ఆ మందు రాసే డాక్టర్ దగ్గర మొదలవ్వాలి. మొదటి ఇంజెక్షన్‌కు ముందే ‘పళ్లు ఒకసారి చూపించుకుని రండి’ అంటే చాలా కేసులు పుట్టవే పుట్టవు. తల, మెడ భాగానికి రేడియేషన్ ఇవ్వబోయే ముందు కూడా అంతే, తీయాల్సిన పళ్లను కనీసం రెండు వారాల ముందు తీసేయాలి.

గర్భిణులకు చికిత్స నిరాకరించడం కూడా జాగ్రత్త కింద చెలామణీ అవుతోంది. రెండో త్రైమాసికం సౌకర్యంగా ఉంటుంది. చీము, నొప్పి ఉంటే ఏ నెలలోనైనా చూడాల్సిందే. నెలలు నిండేకొద్దీ కాస్త ఎడమ పక్కకు ఒరిగి పడుకోబెట్టాలి, 20 వారాల తర్వాత ఐబూప్రొఫెన్ లాంటివి మానాలి. పెన్సిలిన్ పడదని చెప్పేవాళ్లలో కూడా ఎక్కువమందికి నిజమైన అలర్జీ ఉండదు. చిన్నప్పుడు వచ్చిన దద్దురో, కడుపులో తిప్పడమో అలర్జీగా రికార్డులకెక్కి ఉంటుంది. ఏం జరిగిందో అడిగి రాసుకుంటే తెలిసిపోతుంది.

చివరగా ఫిజీషియన్ ఇచ్చే ఉత్తరం గురించి చెప్పాలి. ‘ఈ రోగి దంత చికిత్సకు ఫిట్’ అని ఒక్క వాక్యం రాసి, ముద్ర వేసి పంపే పద్ధతి రెండు పక్షాలకూ హాయిగా ఉంది. తేడా వస్తే చూపించుకోవడానికి కాగితం ఉంటుంది కదా. రోగికి మాత్రం దానివల్ల ఏ రక్షణా లేదు. ఏం చేయబోతున్నారో ఫిజీషియన్‌కు తెలియదు, గుండె ఏ స్థితిలో ఉందో డెంటిస్ట్‌కు తెలియదు. ముందు డెంటిస్ట్ రాసే ఉత్తరంలో ఉండాల్సింది ప్రశ్న: రెండు పళ్లు తీయబోతున్నాను, ఇంత మత్తుమందు వాడతాను, స్టెంట్ ఎప్పుడు వేశారు, రక్తం పలచబడే ఆ రెండు మందులూ ఎప్పటిదాకా కొనసాగాలి, ఈ పని అప్పటిదాకా ఆపవచ్చా? దానికి వచ్చే జవాబు పనికొస్తుంది. మందు ఆపాలా వద్దా అన్న నిర్ణయం డెంటిస్ట్ ఒక్కరే తీసుకోకూడదు, రోగి ఒక్కరే అసలే తీసుకోకూడదు.

ఇదంతా చేయడానికి టైమ్ ఎక్కడిదని అడిగేవాళ్లున్నారు. కొత్త రోగికి పది నిమిషాలు పడుతుంది, నిజమే. తర్వాత వచ్చిన ప్రతిసారీ ‘కిందటిసారి నుంచి ఏమైనా మారిందా, కొత్త మాత్రలు, ఆస్పత్రి, ఆపరేషన్?’ అని అడగడానికి ఒక్క నిమిషం చాలు. ఆ పది నిమిషాల్లో రోగికి కూడా తెలియని జబ్బులు దొరుకుతాయి. ఏళ్లుగా ఏ డాక్టర్ గడపా తొక్కని మనిషి కూడా పన్ను నొప్పికి మాత్రం వస్తాడు. మళ్లీ మళ్లీ చీము పట్టే చిగుళ్ల వెనక షుగర్ ఉండవచ్చు, రెండుసార్లు కొలిచినా తగ్గని అంకె వెనక ఎన్నేళ్లుగానో ఉన్న బీపీ ఉండవచ్చు. ఆ అంకెను కేస్ షీట్‌లో రాసుకుని ఊరుకోకుండా, రోగికి చెప్పి, కాగితం మీద రాసిచ్చి, ఫలానా డాక్టర్‌ను కలవమని పంపి, తర్వాతి సిట్టింగ్‌లో ‘కలిశారా’ అని అడగడం కూడా పళ్ల డాక్టర్ పనే.