యాసంగి వడ్లకు జవాబుదారీ ఎవరు?

యాసంగి (రబీ) కోతలప్పుడు వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరి ఐకేపీ సెంటర్‌కైనా, అంటే సర్కారు వడ్లు కొనే చోటికైనా, వెళ్లి చూడండి. రోడ్డు పొడవునా వడ్లు ఆరబోసి ఉంటాయి. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా పెడతారు. రైతు ఒక గింజను పంటి కింద కొరికి ‘ఎండింది’ అంటాడు. మిషన్‌లో 18 చూపిస్తే మళ్లీ రేపటి మాటే. సాయంత్రం మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ ఉరికొచ్చి వడ్లు కుప్ప చేసి, టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెడతారు. రాత్రి వాన పడి ఆ కుప్ప మొలకెత్తితే ఎవరిని అడగాలి?

వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోనిదని రాజ్యాంగం ఏడో షెడ్యూలు చెబుతుంది. కానీ మద్దతు ధర చెప్పేది ఢిల్లీ. తేమ ఎంత ఉండాలి, తాలు ఎంత ఉండొచ్చు, బియ్యంలో నూక ఎంత వరకు ఒప్పుకుంటారు, సెంట్రల్ పూల్‌కు, అంటే కేంద్రం బియ్యం నిల్వకు, ఎంత తీసుకుంటారు, ఇవన్నీ తేల్చేది కూడా అక్కడే. సెంటర్లు తెరవడం, గన్నీ సంచులు తెప్పించడం, లారీలు పెట్టి మిల్లులకు పంపడం రాష్ట్రం పని. లెక్క తప్పినప్పుడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి ఇంతకంటే వీలైన ఏర్పాటు ఉండదు.

2021-22లో జరిగింది అదే. మన ఏప్రిల్ ఎండలకు గింజ లోపలే పగులుతుంది. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ పోతుంది. అందుకే యాసంగి వడ్లను మిల్లర్లు ముందు ఉడకబెట్టి ఆడించి ఉప్పుడు బియ్యం చేస్తారు. నిల్వలు పేరుకుపోయాయి, ఇక ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం చెప్పింది. ఇకపై ఇవ్వబోమని రాష్ట్రమూ లేఖ రాసిచ్చింది. ఆ తర్వాత యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్రం రైతులకు చెప్పింది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. మరునాడే మొత్తం వడ్లు రాష్ట్రమే కొంటుందని ప్రకటించారు. మంచిదే. కానీ అప్పటికి నెలల తరబడి టెన్షన్ పడింది రైతు. వరి మాని పొలం పడావు పెట్టినవాళ్లకు ఆ సీజన్ తిరిగి రాలేదు.

పైసల విషయంలోనూ ఇంతే. పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అందులో తెలంగాణ వాటా 2021-26 కాలానికి 2.437 నుంచి 2.102 శాతానికి తగ్గింది. నాకు దీనికంటే కేంద్రం పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలే పెద్ద అన్యాయంగా కనిపిస్తాయి. అవి రాష్ట్రాలకు పంచే లెక్కలోకే రావు. జీఎస్టీ కౌన్సిల్‌లో ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల ఓటు కావాలి, కేంద్రం చేతిలో మూడో వంతు ఉంది. రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం కాదంటే ఏదీ జరగదు.

అయితే ఢిల్లీని నిలదీసే హైదరాబాద్ తన కింద ఉన్న ఊళ్లకు ఏం ఇచ్చింది? 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా మన గ్రామాల్లో సర్పంచులే లేరు. ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గాలు లేవని ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. ట్రాక్టర్ డీజిల్ కోసం పంచాయతీ కార్యదర్శులు తిప్పలు పడ్డారు. రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి దాటేస్తే ఆ మాటకు బలం ఉండదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. యాసంగి నారు పోసే ముందే, అంటే నవంబర్‌లోనే, పచ్చి బియ్యం ఎంత, ఉప్పుడు బియ్యం ఎంత తీసుకుంటారో కేంద్రం, రాష్ట్రం కలిసి సంతకం చేయాలి. ఆ కాగితాన్ని ప్రతి పంచాయతీ గోడకు అంటించాలి. కాంటా పడ్డ వడ్లు లారీ ఎక్కకముందే తడిస్తే నష్టం ఎవరు కట్టిస్తారో కూడా అందులోనే రాయాలి.