ఎన్నాళ్ల నుంచండీ?

మే నెలాఖర్లో వారం రోజులు ఉండేట్టు వస్తున్నానని మా మేనకోడలు డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. "మావయ్యా, ఒక్క సంగతి. నాకు సీలియాక్ అనే జబ్బుందని తేలింది. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం... ఈ మూడూ పొరపాటున కూడా తగలకూడదు" అంది.

పక్కనే స్పీకర్లో వింటున్న మా ఆవిడ "ఓస్, అంతేనా!" అంది. "మనింట్లో గోధుమ మొహం చూసేది రాత్రిపూట మీ మావయ్య చపాతీలకేగా. నీకు ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, అన్నం. వారమేంటి, ఆర్నెల్లుండు."

అక్కడితో ఫోన్ పెట్టేసి ఉంటే గొడవే లేదు. ఆ పిల్ల ఓ నిట్టూర్పు విడిచి, "ఇక్కడ ఎవరితోనైనా భోజనానికి వెళ్తే ముందుగా బుట్టలో వేడివేడి డిన్నర్ రోల్స్, అదే చిన్న చిన్న బన్నులు, తెచ్చి పెడతారు. అందరూ వెన్న రాసుకుని తింటుంటే నేను మంచినీళ్లు తాగుతూ కూర్చుంటా మావయ్యా" అంది. చేసి పెట్టమని అడగలేదు. కానీ ముప్ఫై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరైన వాణ్ని. ఎవరైనా కష్టం చెప్పుకుంటే ఫారం ఇచ్చి పూర్తి చెయ్యమనడం తప్ప ఇంకేం చెయ్యలేకపోయాననే బాధ లోపల ఎక్కడో ఉంది.

మా బ్రాడీపేట ఇంట్లో ఓ ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, ఉంది. కొన్న కొత్తలో రెండు కేకులు, ఆ తర్వాత కరెంటు బిల్లులు. బిల్లు ఎక్కువొచ్చిందని కాదు, బిల్లులు అందులోనే దాస్తాం. వాటితోపాటు పాత శుభలేఖలు, రబ్బరు బ్యాండ్లు, ఓ గొడుగు పిడి బయటికి తీసి, మూడుసార్లు తుడిచాను.

ఇక గోధుమ లేకుండా ఆ రోల్స్ ఎలా చెయ్యాలో చదువు మొదలుపెట్టాను. చపాతీ పిండి తడిపి కాసేపు పక్కన పెడితే సాగుతుంది కదా, ఆ సాగుడే గ్లూటెన్, పిల్లకి పడనిదీ అదే. గోధుమలో ఉండే రెండు రకాల ప్రొటీన్లు నీళ్లు తగలగానే వలలా అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలే గాలి ఆ వలలో చిక్కి బుడగలు కడితే రొట్టె పొంగుతుంది. బియ్యప్పిండికి ఆ వల లేదు. గాలి దాని దారిన అది పోతుంది. అందుకని పిండిని పట్టి ఉంచడానికి సైలియం హస్క్ అనేదేదో కలపాలట. ఇదేదో విదేశీ సరుకు, విజయవాడ బీసెంట్ రోడ్డు దాకా వెళ్లాల్సిందేనని బస్సు టైములు కూడా కనుక్కున్నాను. తీరా చూస్తే మన ఇసబ్‌గోల్!

ముందు పిండిమరకి వెళ్లాను. "బియ్యం, జొన్నలు పట్టాలి. కానీ గోధుమలు పట్టిన మరలో వద్దు, రవ్వంత కూడా కలవకూడదు" అన్నాను. అతను చెయ్యి ఆపి, నన్ను పైనుంచి కిందకి చూసి, "మరి దేంట్లో పట్టమంటారండీ? కారం మరలోనా?" అన్నాడు. గుంటూరు వాడు ఆ మాటంటే ఉత్తినే అన్నాడనుకోకూడదు, పట్టినా పడతాడు. గిన్నెలు పట్టుకుని వెనక్కొచ్చేశాను. ఇంట్లోనే మిక్సీలో వేసి, కొత్త జల్లెడ కొని జల్లించాను. పాత జల్లెడ కన్నాల్లో పదేళ్ల గోధుమపిండి కాపురముంది మరి.

మందుల షాపు దగ్గర జరిగింది మాత్రం ఇప్పటికీ తల్చుకోవాలని లేదు.

"ఇసబ్‌గోల్, 100 గ్రాములవి రెండు ప్యాకెట్లు" అన్నాను. మొదటిసారి తేడా కొడితే రెండోసారికి ఉండాలి కదా. కౌంటర్లో కుర్రాడు ముందుకి వంగి, గొంతు తగ్గించి, "ఎన్నాళ్ల నుంచండీ?" అన్నాడు.

"నాక్కాదు బాబూ. మా మేనకోడలికి. అమెరికా నుంచి వస్తోంది."

"ప్రయాణాల్లో మామూలేనండి. దానికి రెండు ప్యాకెట్లెందుకు?"

"రొట్టెల్లో కలుపుతాను."

కుర్రాడి మొహంలో జాలి కనబడింది. అంతకంటే ఘోరం, నా వెనకాల బీపీ మాత్రల కోసం మా ఎదురింటాయన నిలబడి ఉన్నారు. నేనేం చెప్పబోయినా ఆయన చెయ్యెత్తి "మనకి మనకి మొహమాటం ఏమిటండీ" అన్నారు. సాయంత్రానికి వాళ్లింటి నుంచి బొప్పాయి వచ్చింది. రాత్రిపూట గోరువెచ్చని నీళ్లు తాగమని కబురు కూడా.

పిల్ల వచ్చే రోజు మధ్యాహ్నం కార్యక్రమం మొదలుపెట్టాను. బియ్యప్పిండి 200 గ్రాములు, జొన్నపిండి 100, సగ్గుబియ్యం పిండి 100, ఇసబ్‌గోల్ 25, ఈస్ట్ 7. బ్యాంకు అలవాటు కదా, కాగితం మీద రాసి పక్కన టిక్కులు పెట్టుకున్నాను. "కుళాయి నీళ్లు కాస్త వేడిచేసి అందులో ఈస్ట్ కలపండి" అని రెసిపీలో ఉంది. రాసినావిడది ఏ మంచు కురిసే ఊరో. మే నెలలో రెండు గంటలప్పుడు గుంటూరు కుళాయి తిప్పి చెయ్యి పెట్టి చూస్తే తెలిసేది ఆవిడకి. నేను మాత్రం బుద్ధిగా ఆ నీళ్లనే మళ్లీ వేడిచేశాను. ఈస్ట్ ప్రాణమున్న జీవి. 40 డిగ్రీల దగ్గర హుషారుగా ఉంటుంది, 60 దాటితే బతకదు. పది నిమిషాలైనా నురగ లేదు. ఇరవై నిమిషాలైనా లేదు. మా ఆవిడ గిన్నెలోకి తొంగి చూసి, నాడి పట్టుకున్న డాక్టరులా "పోయింది" అని చెప్పి వెళ్లిపోయింది.

రెండోసారి కుళాయి నీళ్లలో ఫ్రిజ్ నీళ్లు కలిపాను. ఈసారి నురగ లేచింది. పిండి కలిపితే చపాతీ పిండిలా రాదు, గారెల పిండిలానూ ఉండదు. అంటుకుంటే మాత్రం తాకట్టు పెట్టిన బంగారంలా, ఓ పట్టాన విడిపించుకోలేం. చెయ్యి తడుపుకుని, గారె తట్టినట్టు తట్టి ఉండలు చేసి, గంటసేపు ఆగమన్నారు కదా అని కునుకు తీశాను.

లేచేసరికి ఉండలు పొంగాయి, పొంగి కూలాయి, మధ్యలో గుంటలు పడ్డాయి. "మే నెల్లో ఇడ్లీ పిండి గిన్నె కింద పళ్లెం ఎందుకు పెడతానో ఇన్నేళ్లుగా చూళ్లేదా? ఈ ఎండకి గంటా?" అంది మా ఆవిడ. నిజమే. పళ్లెం చూశాను గానీ, ఎందుకని ఏనాడూ అడగలేదు. కూలిన పిండినే మళ్లీ కలిపి, ఎనిమిది ఉండలు చేసి, ఈసారి కునుకు తియ్యకుండా ఎదురుగా కూర్చున్నాను. అరగంటకి కాస్త లేచాయి. పైన కత్తితో ప్లస్ గుర్తులా గాటు పెట్టి, 190 డిగ్రీల దగ్గర లోపలికి తోశాను.

అరగంటయ్యాక తలుపు తీస్తే ఊదారంగు.

మాడలేదు. అచ్చంగా ఊదారంగే. ఇసబ్‌గోల్ రకాన్ని బట్టి ఒక్కోసారి అలా తిరుగుతుందని తర్వాత చదివాను. గుండ్రంగా, నిగనిగలాడుతూ, నెత్తిన నాలుగు చీలికలతో ఎనిమిది కూర్చున్నాయి. పళ్లెంలో సర్ది బల్ల మీద పెట్టి, ఏమీ జరగనట్టు పేపరు తెరిచాను.

గన్నవరంలో దిగిన పిల్ల, రాత్రి ఎనిమిదింటికి చెప్పులు విప్పుతూనే బల్ల వైపు చూసి, "అబ్బ, గుత్తి వంకాయా అత్తయ్యా!" అంది.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ తను చేసిన పులిహోర, పప్పుచారు, దొండకాయ వేపుడు, తాలింపు పెట్టిన మజ్జిగపులుసు వరసగా ఉన్నాయి. పిల్ల వెనకాలే వెళ్లి అన్నీ వాసన చూసి మురిసిపోయి, "ఇంగువ బాగా దట్టించావు అత్తయ్యా. ఆ డబ్బా ఓసారి ఇవ్వు" అంది. వెనక్కి తిప్పి, సన్న అక్షరాలు చదివింది. మొహం మారింది. అసలు ఇంగువ మరీ ఘాటు కదా, అందుకని గోందు, పిండి కలిపి అమ్ముతారు. ఆ డబ్బాలో కలిపింది గోధుమపిండి.

వంటింట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ ఒక్కో గిన్నె మీదా మూత పెడుతూ వచ్చింది. ఇంగువ తగలనివి లెక్క తీస్తే తెల్లన్నం, గడ్డపెరుగు, వెల్లుల్లి ఆవకాయ, వెన్న, నా గుత్తి వంకాయలు మిగిలాయి.

పిల్ల ఒకటి విరిచింది. చల్లారినా లోపల మెత్తగానే ఉంది. కాస్త వెన్న, కాస్త ఆవకాయ పెట్టుకుని మూడు తింది. నేను పరువు కోసం నాలుగు తిన్నాను. మిగిలిన ఒకటి మా ఆవిడ తీసుకుని, ఒక్క మాట కూడా అనకుండా నమిలింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకు దక్కిన ప్రశంసల్లో దానికి పెద్దపీటే వేస్తాను.

పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం గేటు దగ్గరికి వెళ్తే ఎదురింటాయన ముగ్గు మీద అడుగు పడకుండా దాటుకుంటూ వచ్చి, "ఇప్పుడెలా ఉందండీ?" అని మెల్లిగా అడిగారు.

రాత్రి నేను తిన్న నాలుగింటిలో లెక్క ప్రకారం పన్నెండున్నర గ్రాముల ఇసబ్‌గోల్ ఉంది.

"హాయిగా ఉందండీ" అన్నాను.

"చూశారా, బొప్పాయి మహిమ!" అన్నారాయన.