ఆకలి ప్రశ్నాపత్రం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆకలి ప్రశ్నాపత్రం గారి సముఖమునకు,

తమరిని ట్యాబ్‌లో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే సర్వే మనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమానికి లోటేముంది, ఆకలి ఉన్నన్నాళ్లూ చేతినిండా పనే.

రోమ్‌లోని ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్లు తమరిని ఎంతో పద్ధతిగా పెంచారు. ఎనిమిదే ప్రశ్నలు. గత 12 నెలల్లో డబ్బుల్లేక తిండికి కటకట అవుతుందేమోనని బెంగపడ్డారా అని మొదలుపెట్టి, రోజంతా పస్తున్నారా అనే దాకా వెళ్తారు. అవునో కాదో చెబితే చాలు. చిక్కల్లా ఒకటే. మా వైపు గుమ్మంలోకి వచ్చినవాళ్లు "భోంచేశారా?" అంటే, పొయ్యి వెలిగించకపోయినా "ఆ, అయింది" అంటాం. ఒక పక్క అత్తగారు, ఇంకో పక్క పొరుగింటావిడ చెవులు రిక్కించి వింటుంటే, ముక్కూమొహం తెలియని నాకు బియ్యం నిండుకున్న సంగతి ఏ ఇల్లాలు చెబుతుంది?

మొన్న ఒకావిడ ఎనిమిదింటికీ "లేదండీ" అనేసి, పక్కింట్లో పాలు అడిగి తెచ్చి నాకు టీ పెట్టింది. ఆ టీకి తమరి దగ్గర కోడ్ లేదు. "ఆహార భద్రత ఉంది" అన్న లెక్కలో ఆ ఇల్లు చేరిపోయింది. తర్వాత ఆవిడ ఒళ్లో పిల్లాడి జబ్బకు టేపు చుట్టాను. జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు దాటితే పచ్చ, అంటే పర్వాలేదు; 11.5కి తగ్గితే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం; మధ్యలో ఉంటే పసుపు. వాడిది పసుపు దగ్గర ఆగింది. టేపుకి మొహమాటాలుండవు కదా!

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు పిల్లల ఎత్తు కొలిచి చూస్తే, తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో నూటికి 28 మంది, 2019-21లో 33 మంది. కొలవకుండా అడిగి ఊరుకుని ఉంటే ఎన్ని ఇళ్లు "అయింది" అనేవో.

మీ వంశాన్నంతా తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లల కోసం ఏళ్ల తరబడి అవే గడపలు మళ్లీ మళ్లీ ఎక్కింది. అన్నిసార్లు వస్తే ఎవరికైనా కాస్త బిడియం తగ్గుతుంది. కరువుకి ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలు బడిలో మధ్యాహ్న భోజనంతో కోలుకున్నారని ఆ లెక్కల్లోంచే తేలింది. తిండి పెడితే పిల్లలు పెరుగుతారన్నమాట! ఈ మాత్రానికి ఆక్స్‌ఫర్డ్ దాకా ఎందుకురా అనేది మా అమ్మమ్మ ఉంటే. ఏం చేస్తాం, బడ్జెట్ ఫైళ్లలో అమ్మమ్మ మాట చెల్లదు.

ఇక అసలు విన్నపం. చివర్లో "మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?" అని మర్యాదకి నాచేత అనిపిస్తారు. ఆ టీ ఇచ్చినావిడ అడిగింది: "రేషన్ కార్డులో మా బాబు పేరు ఎక్కిస్తారా అయ్యా?" "ఈ సర్వే వల్ల మీకు నేరుగా ఏ ప్రయోజనమూ ఉండదు" అని తమరు రాసిచ్చిన వాక్యం చదివి వినిపించాను. ఆవిడ ప్రశ్న ఎక్కించడానికి మాత్రం గడి దొరకలేదు. తర్వాతి అప్‌డేట్‌లోనైనా ఒకటి పెట్టించగలరు.

ఇట్లు,
డేటా పంపడానికి సిగ్నల్ వెతుక్కుంటూ,
తమ విధేయుడు