మాస్కోకు నింపాదిగా వెళ్లిన ఓడ

1937 నవంబర్ 5న బెర్లిన్‌లో హిట్లర్ తన మనసులో మాట బయటపెట్టాడు. ఆస్ట్రియా, చెకొస్లొవేకియాలను బలప్రయోగంతోనైనా కలిపేసుకోవాలన్నాడు. యుద్ధ మంత్రి బ్లాంబర్గ్, సైన్యాధిపతి ఫ్రిచ్, విదేశాంగ మంత్రి నాయ్‌రాత్ అభ్యంతరం చెప్పారు. వాళ్లేమీ శాంతిదూతలు కారు. బ్రిటన్, ఫ్రాన్స్ ఊరుకోవన్నదే వాళ్ల భయం. మరుసటి ఫిబ్రవరి 4 నాటికి ముగ్గురికీ పదవులు పోయాయి. ఒకరికి పెళ్లి గొడవ, మరొకరికి తప్పుడు అభియోగం సాకులయ్యాయి. సైన్యం పగ్గాలు హిట్లర్ స్వయంగా తీసుకున్నాడు. విదేశాంగ శాఖ రిబ్బెన్‌ట్రాప్‌కు ఇచ్చాడు. పోలండ్ కోసం బ్రిటన్ యుద్ధానికి దిగదని హిట్లర్‌కు నచ్చజెప్పింది ఈ రిబ్బెన్‌ట్రాపే. నియంత దగ్గర చేదు నిజం చెప్పే మనిషి మిగలకపోతే, తప్పుడు లెక్కే దేశ విధానమవుతుంది.

ఆ లెక్క తప్పని చూపించాల్సింది దౌత్యం. 1938 సెప్టెంబర్ 30న మ్యూనిక్‌లో అది జరగలేదు. బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ కలిసి చెక్‌ల భూమిని వాళ్లను గదిలోకి రానివ్వకుండానే హిట్లర్‌కు పంచిపెట్టాయి. సోవియట్‌ను పిలవనే లేదు. సరిహద్దు కొండల్లోని కోటలు చేజారాక, 1939 మార్చి 15న జర్మనీ ప్రాగ్‌లోకి నడిచొచ్చింది. స్కోడా ఆయుధ కర్మాగారాలు కూడా దాని వశమయ్యాయి.

యుద్ధాన్ని ఆపేందుకు అప్పటికీ ఒక దారి మిగిలే ఉంది. బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ కలిస్తే జర్మనీ రెండు వైపులా పోరాడాల్సి వచ్చేది. ఆ ఒప్పందం కోసం ఆగస్టు 5న బ్రిటన్, ఫ్రాన్స్ ప్రతినిధులు బయల్దేరారు, విమానంలో కాదు, ‘సిటీ ఆఫ్ ఎక్సెటర్’ అనే ఓడలో. మాస్కో చేరేసరికి 11వ తేదీ. మర్నాడు చర్చలు మొదలవగానే సోవియట్ రక్షణ మంత్రి వొరొషిలోవ్ అధికార పత్రాలు అడిగాడు. బ్రిటిష్ అడ్మిరల్ డ్రాక్స్ దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు. 14న వొరొషిలోవ్ అసలు ప్రశ్న వేశాడు: ఎర్రసైన్యాన్ని, అంటే సోవియట్ సేనను, పోలండ్ తన నేల మీదుగా పోనిస్తుందా? జవాబు ఎవరి దగ్గరా లేదు. పోలండ్ ససేమిరా అంది. ఆ భయాన్ని తప్పుపట్టలేం, లోపలికొచ్చిన ఎర్రసైన్యం మళ్లీ బయటికి పోతుందని ఎవరు పూచీ పడతారు? కానీ లండన్, పారిస్ ఈ ముడిని నెలల ముందే విప్పి ఉండాల్సింది.

రిబ్బెన్‌ట్రాప్ మాత్రం విమానంలో వచ్చాడు. ఆగస్టు 23న మాస్కోలో దిగి, ఆ రాత్రే సోవియట్‌తో ఒప్పందం మీద సంతకాలు ముగించాడు. పోలండ్‌ను పంచుకునే రహస్య అంశాలూ ఆ ఒప్పందంలోనే ఉన్నాయి. తొమ్మిదో రోజున పోలండ్ మీద జర్మనీ దాడి మొదలైంది.

సెప్టెంబర్ 3 ఉదయం బ్రిటన్ తుది హెచ్చరిక అందింది. దాన్ని చదివి వినిపించిన దుబాసీ ష్మిట్ చెప్పిన ప్రకారం, హిట్లర్ కాసేపు కదలకుండా కూర్చుండిపోయి, రిబ్బెన్‌ట్రాప్ వైపు కోపంగా తిరిగి, ఇప్పుడేం చేద్దాం అని అడిగాడు. బ్లాంబర్గ్, ఫ్రిచ్, నాయ్‌రాత్ దానికి జవాబు 1937లోనే చెప్పారు.

అదే రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులెవరినీ సంప్రదించకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు. నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.