మిషిను ఇస్తిరి, మనిషేడి?

2025 వేసవిలో ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన నన్ను బడి పక్కనున్న రేకుల షెడ్డు దగ్గరికి పిలుచుకొని పోయినాడు. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. గోడకు నల్లరాతి పలక. దాని మీద మా 12 మంది పేర్లు, పక్కనే అమెరికాలో మేముండే ఊర్ల పేర్లు. 2016లో తలా ఇంత వేసుకొని పెట్టించిన మంచినీళ్ల ప్లాంటు అది. రెండున్నరేళ్లు నడిచి ఆగిపోయింది. ఆగిపోయిందని ఎప్పుడో విన్నాను గానీ, ఆ తలుపు ముందర నిలబడి చూడడం అదే మొదలు.

“మీరు మిషిను ఇస్తిరి నాయినా. దాన్ని చూసుకునే మనిషేడి?” అన్నాడు చిన్నాయన.

నిష్ఠూరంగా అన్న మాట కాదు. ఆయనకు నిజంగానే జవాబు కావాలి. అక్కడ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉన్నది అమెరికాలోని మన సంఘం సభ్యుల ముందు పెడుతున్నాను. ఇకమీదట మన ఊళ్లకు యంత్రాలు పంపే ముందు, వాటిని చూసుకునే మనిషికి జీతం పంపుదాం.

మా ఊరు చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలో, అరగొండకు దగ్గర. మామిడి, చెరుకు, చెనిక్కాయలు, ఇంటికి రెండు జెర్సీ ఆవులు. మామిడి మీద నమ్మకం సన్నగిల్లిన వేసవి అది. తోతాపురి మామిడికి ధర పడిపోతే, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇస్తామని ప్రకటించారు. కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందర బారులు తీరి నిలబడ్డాయి. అలాంటి రోజుల్లో ఇల్లు గడిచేది పాలడబ్బులతోనే. తాగేనీళ్లు మాత్రం మండలకేంద్రం నుంచి ఆటోలో వచ్చే 20 లీటర్ల క్యాన్లు. ప్లాంటుకు తాళం పడినాక క్యాన్లు కొనడం మళ్లీ మొదలైంది.

ప్లాంటు ఎలా ఆగిపోయిందో విడమరచి అడిగి తెలుసుకున్నాను. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బిందె అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఆర్వో ప్లాంటులో నీళ్లను శుద్ధి చేసే పొర, మెంబ్రేన్, అలాంటి నీళ్లకు తొందరగా మూసుకుపోతుంది. దానికి ముందుండే ఫిల్టర్లను కొన్ని నెలలకొకసారి మార్చాలి, సున్నం పట్టకుండా మందు కలపాలి. అలా చూసుకుంటే మెంబ్రేను రెండు మూడేళ్లు వస్తుంది. మా ఊళ్లో ఫిల్టర్లు మార్చాలని చెప్పినవాళ్లే లేరు. ధార సన్నబడింది. తరువాత లో వోల్టేజీకి మోటరు కాలింది. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే మనిషి రావడానికి నెల పట్టింది. రెండోసారి చేస్తే ఎవరూ రాలేదు. ప్లాంటు నడిపిన పిల్లోడు బెంగళూరులో డెలివరీ పనికి పోయినాడు. అతణ్ణి నేను తప్పుపట్టను. మేము అతనికి ఇచ్చింది తాళంచెవి ఒక్కటే.

అదే ఊళ్లో ఇంకో సంగతి చూడండి. మా నాయిన కాలంలో 40 అడుగుల బావిలో నీళ్లు అందేవి, ఇప్పుడు వెయ్యి అడుగుల బోర్లు వేస్తున్నారు. అంత లోతున నడిచే మోటరు మామూలు యంత్రం కాదు. అది కాలిపోతే పైపులన్నీ పైకి లాగి, మోటరును వైండింగ్ షాపులో పడేసి, రెండు మూడు రోజుల్లో మళ్లీ దించుతారు. పొలానికి నడిచిపోకుండా ఫోనుతోనే మోటరు వేసే స్టార్టరు పెట్టుకున్నారు, అది చెడిపోయినా ఎవరో ఒకరు బాగుచేస్తారు. పాలకేంద్రంలో వెన్నశాతం చూపించే మిషిను ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. వీటిలో ఏదీ మనం దానమిచ్చింది కాదు. చుట్టుపక్కల చెయ్యి తిరిగిన మనిషి ఉన్నాడు, ఆ పని మీద అతని ఇల్లు గడుస్తుంది. పల్లెవాళ్లకు టెక్నాలజీ తెలియదు, నేర్పాలి అని మన మీటింగుల్లో మాట వస్తే నాకు బాధ కలుగుతుంది. వెయ్యి అడుగుల లోతు నుంచి మోటరును పైకి తీసి బాగుచేసుకునేవాళ్లకు ఫిల్టరు మార్చడం రాక కాదు. అది ఎవరి పనో మనం చెప్పలేదు, ఆ పనికి కూలి కట్టలేదు.

మన పెద్దలు ఈ తప్పు చేయలేదు. చెరువు కట్టించిన ప్రతి ఊళ్లో నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఏ కయ్యకు ఎంతసేపు పారాలి, కట్టలో ఎలుకబొక్క ఎక్కడ పడింది, అన్నీ అతనికి తెలుసు. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు అతని మేర అతనికి పోసేవాళ్లు. చెరువు కట్టినవాళ్లకు, మరమ్మతు చూసేవాళ్లకు దశబంధం అని భూములు మాన్యంగా ఇచ్చేవాళ్లు. కట్ట వేసినప్పుడే మరమ్మతుకూ ఏర్పాటు జరిగేది. కడప జిల్లాలో 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు 12 అంగాలు చెబుతుంది. వాటిలో రాయీ మట్టీ నీరుతో పాటు జలశాస్త్రం తెలిసినవాడు, పని తెలిసిన కూలిజనం కూడా ఉన్నారు. ఆరున్నర వందల ఏళ్ల కిందట మనిషిని చెరువులో ఒక అంగంగా లెక్కపెట్టారు. మా నల్లరాతి పలక మీద దాతల పేర్లన్నీ ఉన్నాయి, నడిపేవాడి పేరు లేదు.

మా పక్కనే అరగొండ ఉంది కదా, దాని సంగతి ఎక్కువమందికి తెలియదు. అపోలో ఆస్పత్రులు పెట్టిన ప్రతాప్ సి. రెడ్డి గారి సొంతూరు అది. ఉపగ్రహ సంబంధంతో పల్లె రోగిని పట్నం డాక్టరు చూసే టెలిమెడిసిన్ కేంద్రం మన దేశంలో తొలిరోజుల్లోనే, 2000 మార్చిలో, అరగొండలో మొదలైంది. హైదరాబాదుకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా ప్రారంభం జరిగింది. అంతవరకు మా చుట్టుపక్కల ఊళ్లకు అరగొండ అంటే అర్ధగిరి ఆంజనేయస్వామి కొండ, రోగాలు పోతాయని జనం తెచ్చుకునే సంజీవరాయ పుష్కరిణి తీర్థం. ఇప్పుడు కొండ కింద టీవీలో డాక్టరు కనిపిస్తాడంట అని జనం ఆశ్చర్యపోయినారు. కానీ ఆ తెర ఒక్కటే ఉంటే ఏమీ జరిగేది కాదు. తెర పక్కన ఆస్పత్రి కట్టారు. రోగి చెయ్యి పట్టుకొని బీపీ చూసే మనిషిని పెట్టారు. ఆ ఏర్పాటు లేకుండా తెరలు మాత్రమే పంచిపెట్టడం దండగ.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడులు ఇంకో ఉదాహరణ. ఒకే గదిలో, ఒకే పంతులు, అన్ని తరగతుల పిల్లలు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలాంటి పటం పెట్టి, ఎవరి వేగంతో వాళ్లు మెట్లు ఎక్కేలా చేశారు. అట్టముక్కలే వాళ్ల టెక్నాలజీ. ఆ ఊళ్ల యువకులనే పంతుళ్లుగా తయారుచేసుకున్నారు. కార్డు చిరిగితే అక్కడే ఇంకోటి రాసుకోవచ్చు. మా ఊరి బడికి మేమిచ్చిన కంప్యూటర్లు గుడ్డ కప్పుకొని ఉన్నాయి. ఒకదాని లోపల చీమలు పుట్ట పెట్టినాయి.

ప్రభుత్వం మనుషులను పెట్టలేదా అని అడుగుతారు. పెట్టింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పటి నుంచి ఊరికి ఇంజినీరింగు, డిజిటల్, వ్యవసాయ, పశుసంవర్ధక, విద్యుత్ సహాయకులంటూ పోస్టులు ఏర్పడ్డాయి. ఇది చిన్న విషయం కాదు. మా మేనత్త సంగతే చెబుతాను. జీవితమంతా చింతపండు కొట్టి గింజ తీసే కూలిపని చేసింది. వేళ్లమీద గీతలన్నీ అరిగిపోయినాయి. ఒకటో తారీకు తెల్లవారుజామున 4 వేల పెన్షను ఇంటికే తెచ్చినా వేలిముద్ర పడదు. “నా వేళ్లు నావి కాదంట నాయినా” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. సచివాలయం అమ్మాయి విసుక్కోకుండా మూడుసార్లు తిరిగి, చివరికి కంటిపాప స్కానరు తెచ్చి ఆ డబ్బు చేతిలో పెట్టింది. వేలిముద్ర మిషిను ఓడిపోయిన చోట ఆ అమ్మాయి ఓపిక గెలిచింది. కానీ ఆ సిబ్బందికి సర్వేలు, ఈకేవైసీలు, యాప్‌లలో ఎంట్రీలతోనే పొద్దు సాలదు. మనం పెట్టిన ప్లాంటు వాల్వు బిగించమని వాళ్లను అడగడం న్యాయం కాదు.

అందుకే నేను అడిగేది ఇది. దగ్గర దగ్గరగా ఉండే నాలుగైదు ఊళ్లకు ఒక మనిషి. ఐటీఐ చదివినవాడైనా సరే, చదవకపోయినా పని వచ్చినవాడైనా సరే. ఆడపిల్లలైతే మరీ మంచిది, పెళ్లయి ఆ ఊళ్లోనే ఉన్న కోడళ్లలో పాలిటెక్నిక్ చదివి ఇంట్లో కూర్చున్నవాళ్లు మా ఊళ్లోనే ఇద్దరున్నారు. నీళ్ల ప్లాంట్లు, బడి కంప్యూటర్లు, సోలారు దీపాలు, ఇన్వర్టర్లు వాళ్ల బాధ్యత. ఫిల్టర్లు, ఫ్యూజులు, ఒక స్పేరు మోటరు పెట్టుకోవడానికి ఒక గది. నెలకు 15 వేలు జీతమంటే ఏడాదికి 1,80,000. మన లెక్కలో సుమారు 2 వేల డాలర్లు. 40 కుటుంబాలు ఏడాదికి తలా 50 డాలర్లు ఇస్తే సరిపోతుంది. కొత్త ప్లాంటు ఏదైనా పెట్టదలిస్తే, దాని ఖరీదులో పదోవంతు ప్రతి ఏడాదీ మరమ్మతుకు విడిగా ఉంచాలి. దశబంధం పేరులోనే పది ఉంది కాబట్టి మన నిధికి ఆ పేరే పెడదాం.

జీతం ఎన్నాళ్లు ఇస్తాం, మనం మానేస్తే ఏమవుతుంది అని కోశాధికారి గారు అడిగారు. సరైన ప్రశ్న. ఊళ్లో ఇప్పుడు క్యాన్లకు డబ్బు పెడుతూనే ఉన్నారు. ఊరి ప్లాంటు నడిస్తే అందులో సగం ధరకే నీళ్లిచ్చినా ఫిల్టర్ల ఖర్చు దానిలోనే వస్తుంది, మూడు నాలుగేళ్లకు జీతంలోనూ కొంత వస్తుంది. మొత్తం రాదు. రాని భాగం మనం భరించాలని నా అభిప్రాయం. బడి పంతులు జీతం బడి సంపాదించాలని ఎవరూ అనరు కదా.

డబ్బు పంపే దారి గురించి ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వాళ్ల దగ్గర తీసుకునే సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఒక సంస్థ ఇంకో సంస్థకు మళ్లించకూడదు. మా 12 మందిలో సగం మంది ఇప్పుడు పౌరులమైపోయాం. 2016లో చేసినట్టు ఎవరో ఒకరి ఖాతాలో వేసేస్తే ఇప్పుడు కుదరదు.

సంక్రాంతికి మళ్లీ ఊరికి పోతున్నాను. పాలిటెక్నిక్ చదివిన ఆ ఇద్దరితో చిన్నాయన మాట్లాడి పెట్టాడు. ఒకరు ఒప్పుకున్నారు, ఇంకొకరు అత్తగారిని అడిగి చెబుతామన్నారు. చిత్తూరులో మోటరు వైండింగ్ చేసే ఆయన ఒక పూట వచ్చి ప్లాంటు విప్పి చూస్తానన్నాడు. షెడ్డు తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మా మేనత్త వెతికి చూస్తానంది, దొరక్కపోతే తాళం పగలగొట్టి కొత్తది వేస్తాం.