సైట్ కోలన్ కాకిలెక్కలు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు పీజీ హాస్టళ్లు, మెస్‌లు నడిపే మనవాళ్లకి నెల తిరిగేసరికి వాళ్ల వెబ్‌సైట్ చూసుకునే ఏజెన్సీ నుంచి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వస్తుంటుంది. గూగుల్‌లో సైట్ కోలన్ (site:) కొట్టి, గ్యాప్ లేకుండా డొమైన్ పేరు పెట్టి, వచ్చిన నంబర్ చుట్టూ ఎర్ర గీత గీసి, "సార్ ఇన్ని పేజీలు ఇండెక్స్ అయ్యాయి" అని. అంటే గూగుల్ తన జాబితాలోకి ఎక్కించుకుందని. అది చూసి బిల్లు కట్టేస్తారు.

ఆ నంబర్ కాకిలెక్క అండీ. అది అంచనా మాత్రమే, ఇండెక్స్‌లో ఉన్నవన్నీ ఆ ఆపరేటర్ (సెర్చ్‌లో కొట్టే ఇలాంటి కమాండ్) చూపిస్తుందన్న గ్యారంటీ లేదు అని గూగులే చెప్తోంది. అసలు లెక్క గూగుల్ సైట్ ఓనర్లకి ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పేజ్ ఇండెక్సింగ్ రిపోర్ట్‌లో ఉంటుంది, ఏ పేజీ ఎందుకు ఎక్కలేదో కూడా అక్కడే రాసుంటుంది.

పక్కోడి సైట్‌కి సెర్చ్ కన్సోల్ దొరకదు కదా, అప్పుడు ఇదే దిక్కు అంటారు. నిజమే, కానీ బిల్లు మీ సైట్‌కి కదా కడుతున్నారు!

సైట్ కోలన్ అసలు పనికొచ్చేది లెక్కపెట్టడానికి కాదు, ఉండకూడనిది ఏముందో వెతకడానికి. డొమైన్ పక్కన క్యాసినో అని కొట్టండి, హ్యాక్ అయిన సైట్లలో ఎక్కడ లేని చెత్తంతా బయటపడుతుంది. ఫైల్‌టైప్ కోలన్ పీడీఎఫ్ (filetype:pdf) జోడించండి, పీజీలో చేరేటప్పుడు పిల్లలు ఇచ్చిన ఆధార్ కాపీలు ఏ అప్‌లోడ్ ఫోల్డర్ నుంచో గూగుల్‌కి ఎక్కాయేమో చూడండి. ఎక్కితే రోబోట్స్ ఫైల్‌లో (robots.txt) బ్లాక్ పెట్టేస్తాం అంటాడు డెవలపర్, ఒప్పుకోకండి, అది క్రాలింగ్‌ని, అంటే గూగుల్ వచ్చి పేజీ చదవడాన్ని, ఆపుతుందే గానీ ఇండెక్స్ నుంచి తీసేయదు, పైగా 'ఇండెక్స్‌లో పెట్టొద్దు' అని చెప్పే నోఇండెక్స్ పెట్టినా గూగుల్‌కి కనపడదు. ముందు ఆ ఫైల్ సర్వర్ మీద నుంచి పీకేయాలి, తర్వాత సెర్చ్ కన్సోల్‌లో రిమూవల్ రిక్వెస్ట్ పెట్టాలి, ఒట్టి రిక్వెస్ట్ ఒక్కటే పెడితే ఆరు నెలల దాకానే దాస్తుంది.

ఇంకో సంగతి, బయటివాళ్లు చెక్ చేసుకునే దారులన్నీ గూగుల్ ఒక్కోటీ మూసేస్తోంది. సైట్‌కి ఎవరు లింక్ ఇచ్చారో చూపే లింక్ ఆపరేటర్ 2017లో పోయింది, పేజీ వివరాలు చూపే ఇన్ఫో 2019లో, గూగుల్ దాచుకున్న పేజీ కాపీ చూపే క్యాష్ 2024లో. మిగిలిన సమాచారమంతా సెర్చ్ కన్సోల్ లాగిన్ వెనకాలే, ఆ లాగిన్ చూస్తే చాలాచోట్ల ఏజెన్సీ కుర్రాడి జీమెయిల్‌లో ఉంటోంది, వాడు మానేస్తే గతేంటి? డొమైన్ సెట్టింగ్స్‌లో ఉండే డీఎన్ఎస్ ద్వారా మీ పేరు మీదే ఓనర్‌గా వెరిఫై చేయించుకోండి, ఏజెన్సీకి యూజర్ యాక్సెస్ ఇస్తే సరిపోతుంది, కుదరదు అంటే ఎందుకు కుదరదో బిల్లు కట్టే ముందే అడగండి.